స్టీరింగు ఎవరికి, ఏ గంటకు: అనంతపురం నుంచి కారులో దూరప్రయాణం చేసేవారికి

తిరుపతికో హైదరాబాదుకో కారులో బయలుదేరే ముందు రోజు రాత్రి అనంతపురంలో ఏ ఇంట్లోనైనా చిత్రాన్నం ఎంత కలపాలి, నీళ్ల సీసాలు ఎన్ని పెట్టుకోవాలి అన్న చర్చ తప్పక జరుగుతుంది. ఎవరు ఎక్కడినుంచి ఎక్కడివరకు బండి నడపాలి అన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. బండి ఎవరిదో వారే నడుపుతారు, వారికి విసుగు పుట్టినప్పుడు పక్కనున్నవారు అందుకుంటారు. ఇరవై ఏళ్లకు పైగా ఈ రోడ్ల మీద తిరిగిన తరువాత, స్టీరింగును కూడా ముందురోజే పంచుకోవాలన్న పద్ధతికి మా ఇంట్లో వచ్చాము. దారిని నాలుగైదు ముక్కలుగా కాగితం మీద రాసి, ఒక్కొక్క ముక్క ఏ వేళకు వస్తుందో పక్కన వేసి, ఆ వేళకు ఆ రోడ్డు మీద ఎవరి కన్ను, ఎవరి ఒళ్లు సరిపోతుందో చూసి పేరు రాస్తాము. పది నిమిషాల పని అది. ఆ పేరు రాయడానికి ఏమేమి తెలిసి ఉండాలో ఇక్కడ చెబుతాను.

మా ఇంట్లో నడిపేవారు ముగ్గురు: అరవై ఎనిమిదేళ్ల మా నాయన, నలభై నాలుగేళ్ల నేను, ఇరవై ఒకటి నిండిన మా అబ్బాయి. ఇంచుమించు ప్రతి ఇంట్లోనూ ఉండే మూడు వయసులే ఇవి కనుక వీటినే ఉదాహరణగా తీసుకుంటాను.

వయసు సంగతి

కిలోమీటర్ల లెక్కన చూస్తే ప్రమాదాల ముప్పు కుర్రవాళ్లలో ఎక్కువగా ఉండి, నడివయసులో తగ్గి, డెబ్బై దాటాక మళ్లీ పెరుగుతుందని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. అయితే రెండు కొసల్లోనూ కారణం ఒకటి కాదు, అందుచేత జాగ్రత్తలు కూడా వేరుగానే ఉండాలి.

కుర్రవాడికి చూపు బాగుంటుంది, కాలు చురుకుగా బ్రేకు మీదకు పోతుంది. లేనిదల్లా ఎక్కడ చూడాలన్న తెలివిడి. రోడ్డు పక్కన దుమ్ము లేస్తున్నదంటే గొర్రెల మంద దాటబోతున్నదని, డివైడరు తెగిన చోట కానుగచెట్టు కింద ఇద్దరు నిలబడి ఉన్నారంటే అక్కడ బస్సు ఆగుతుందని, ముందుపోయే ట్రాక్టరు కొంచెం ఎడమకు జరిగిందంటే అది కుడివైపు పొలంలోకి తిరగడానికి చోటు చేసుకుంటున్నదని, పదేళ్లు నడిపినవారి పాదం మనసు చెప్పకముందే గ్రహించి యాక్సిలరేటరు మీదనుంచి లేస్తుంది. పద్దెనిమిదేళ్లకు వచ్చే లైసెన్సు ఈ గ్రహింపును ఇవ్వదు, అది నడిపిన కిలోమీటర్లతోనే వస్తుంది. కాబట్టి కుర్రవాడికి బండి ఇవ్వకుండా ఉండడం మందు కాదు. పట్టపగలు, నాలుగు వరుసల రోడ్డు మీద, పక్కసీట్లో అనుభవమున్నవారు మేలుకొని కూర్చున్నప్పుడు, గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదన్న ఒప్పందంతో గంటన్నరసేపు ఇవ్వాలి. పక్కన కూర్చున్నవారు తప్పులు పడుతూ కూర్చోక, తమ కంటికి ఏమి కనబడుతున్నదో పైకి చెబుతూ పోతే సరిపోతుంది. స్నేహితులు నిండిన బండి మాత్రం ఇవ్వకూడదు. తోటి వయసువారు పక్కన ఉన్నకొద్దీ కుర్రవాళ్ల సాహసం పెరుగుతుందన్నది నిలకడగా తేలిన విషయం. ఇక పద్దెనిమిది నిండనివారికి హైవే మీద తాళం ఇవ్వడం గురించి చెప్పడానికి ఏమీ లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం వారు నేరం చేస్తే తల్లిదండ్రులకో యజమానికో మూడేళ్లవరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా పడతాయి, బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దవుతుంది, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

పెద్దవారి విషయం ఇంతకంటే సున్నితమైనది, ఎందుకంటే నడపడం మనకు నేర్పినవారికే నడపవద్దని చెప్పవలసి వస్తుంది. వయసు పెరిగేకొద్దీ కంటిపాప మునుపటిలా పెద్దది కాదు కనుక చీకట్లో లోపలికి వెళ్లే వెలుతురు తగ్గుతుంది. ఎదురుగా వచ్చే లైటు కంట్లో పడ్డాక తిరిగి రోడ్డు కనబడడానికి కుర్రవారికంటే ఎక్కువ సేపు పడుతుంది. మెడ పూర్తిగా తిరగదు కాబట్టి పక్క అద్దంలో దొరకని మోటారు సైకిలు వారికి ఎక్కడా దొరకదు. నాలుగేళ్ల కిందట గుత్తి దాటాక ఒక రాత్రి మా నాయన హఠాత్తుగా వేగం తగ్గించి, "ఎదురొచ్చే లైట్లు అద్దం పగిలినట్టు చెదిరిపోతాండాయి రా" అన్నారు. ఆయన అంతకుముందు ఆరు నెలలుగా ఆ మాట ఎవరికీ చెప్పలేదు. కంటి డాక్టరు చూసి రెండు కళ్లలోనూ పొర వచ్చిందని చెప్పారు. శస్త్రచికిత్స తరువాత ఆయన మళ్లీ నడుపుతున్నారు, అయితే ఉదయం పూటే. లైట్లు చెదిరినట్టు, చుట్టూ వలయాలు కట్టినట్టు కనబడడం కంటిపొరకు ఉన్న లక్షణాల్లో ఒకటి. మీ ఇంట్లో పెద్దవారు సాయంత్రం బండి తీయడానికి సాకులు చెబుతూ ఉంటే ఆ సాకుల వెనుక ఇదే ఉండవచ్చు.

మందుల సంగతి కూడా అడగాలి. జలుబుకు, అలర్జీకి వాడే మాత్రల్లో చాలావాటికి మగత ఉంటుంది. ఇన్సులిను గాని, చక్కెర తగ్గించే కొన్ని రకాల మాత్రలు గాని వేసుకొని తిండి ఆలస్యం చేస్తే చెమటలు పట్టి, చేతులు వణికి, తల తిరుగుతుంది. స్టీరింగు పట్టినవారికి అది రాకూడదు. వారికి తిండి వేళ ముందే రాసిపెట్టి, చేతికందేటట్టు బెల్లమో గ్లూకోజు పొడో ఉంచాలి. చట్టం తన వంతుగా చేస్తున్నది కొంతే. నలభై దాటినవారు లైసెన్సు పునరుద్ధరణకు డాక్టరు ధ్రువపత్రం, అంటే ఫారం 1ఎ, ఇవ్వాలి. 55 దాటాక తీసుకునే లైసెన్సు ఐదేళ్లకు మాత్రమే చెల్లుతుంది. గడువు ముగిసి ఏడాది దాటితే మళ్లీ పరీక్షకు నిలబడాలి. ఆ ఐదేళ్ల మధ్యలో కంటికి ఏమవుతున్నదో ఇంట్లోవారే కనిపెట్టాలి.

మిగిలింది నావంటి నడివయసువారు. లెక్కల ప్రకారం మేమే భద్రం, మాలో ఉన్న ప్రమాదం కూడా ఆ నమ్మకంలోనే ఉన్నది. శుక్రవారం ఉదయం ఆరింటికి లేచి, పగలంతా ఆఫీసులో ఉండి, రాత్రి భోజనం చేసి పదకొండింటికి హైదరాబాదుకు బండి తీసేవాడు ఈ వయసువాడే. వరుసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి తీరు, రక్తంలో ప్రతి 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషి తీరుకు దగ్గరగా ఉంటుందని ప్రయోగాల్లో తేలింది. మన చట్టం అనుమతించే హద్దు 30 మిల్లీగ్రాములే. చుక్క తాగకపోయినా అతడు ఆ హద్దు దాటినవాడి కింద లెక్క.

గంట సంగతి

మనిషి శరీరానికి నిద్ర రెండు వేళల్లో బలంగా వస్తుంది: అర్ధరాత్రి రెండునుంచి తెల్లవారుజామున ఐదారు గంటలదాకా ఒకసారి, మధ్యాహ్నం రెండునుంచి నాలుగుదాకా కొంచెం తక్కువగా మరొకసారి. 2021 ఫిబ్రవరి 14న కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలం మాదారపురం దగ్గర, మదనపల్లె నుంచి అజ్మీరుకు బయలుదేరిన యాత్రికుల వాహనం డివైడరు దాటి అవతలి వైపు లారీని ఢీకొని 14 మంది చనిపోయినది తెల్లవారుజాము వేళే. 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపాన చిన్నటేకూరు దగ్గర, అంతకు కాసేపటి ముందే పడిపోయి రోడ్డు మీద ఉన్న మోటారు సైకిలును ఒక ప్రైవేటు బస్సు ఈడ్చుకుపోగా మంటలు లేచినదీ తెల్లవారుజామునే. రెండోదానికి డ్రైవరు నిద్రే కారణమని నేను అనడం లేదు. ఆ వేళకు రోడ్డు మీద పడి ఉన్నది ఏదైనా ఆలస్యంగా కనబడుతుంది, కనబడ్డాక కాలు ఆలస్యంగా కదులుతుంది అన్నదే నేను చెప్పదలచినది.

అందుచేత మా కాగితం మీద అర్ధరాత్రి దాటాక ఐదింటిదాకా ఎవరి పేరూ ఉండదు. "రాత్రిపూట ఎండ ఉండదు, రోడ్డు ఖాళీ" అన్న వాదన మన వైపు చాలా బలమైనది, మే నెలలో దాన్ని కాదనడమూ కష్టమే. అయినా తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఐదింటికి బయలుదేరితే పదకొండు లోపల హైదరాబాదు శివార్లకు చేరవచ్చు, ఎండ ముదరకముందే అయిపోతుంది. ముందురోజు రాత్రి తొమ్మిదింటికి పడుకోవడం ఒక్కటే దీనికి అయ్యే ఖర్చు.

ప్రతి రెండు గంటలకు ఒకసారి బండి ఆపి దిగాలి. నిద్ర వస్తున్నదనడానికి ఆవులింతకంటే నమ్మకమైన గుర్తులు ఉన్నాయి: దాటివచ్చిన ఊరు గుర్తుకు రాకపోవడం, చక్రం అంచు తెల్లగీత మీదకు పోవడం, వేగం తెలియకుండా హెచ్చుతగ్గులు కావడం. నాలుగు సెకన్ల కునుకులో వంద వేగంతో పోయే బండి 110 మీటర్లు ఎవరూ లేకుండానే పోతుంది. అద్దాలు దించడం, పాటలు పెంచడం, ముఖం కడుక్కోవడం కొద్ది నిమిషాలే పనిచేస్తాయి. టోల్ గేటు దగ్గర గాని, దీపాలున్న పెట్రోలు బంకులో గాని ఆపి, ఒక టీయో కాఫీయో తాగి, వెంటనే సీటు వాల్చి ఇరవై నిమిషాలు పడుకోవాలి. కాఫీ పనిచేయడం మొదలయ్యేది కూడా ఇంచుమించు అప్పటికే కనుక రెండూ కలిసివస్తాయి. మధ్యాహ్నం భోజనంలో సంగటి ముద్ద ఒకటికి ఆపడం కూడా ఈ జాగ్రత్తలో భాగమే, మా నాయన దీనికి ఇప్పటికీ ఒప్పుకోరు.

బాడుగ కారులో వెళ్లేవారికి ఒక మాట. డ్రైవరు రాత్రి ఎక్కడినుంచి వచ్చాడో, ఎప్పుడు పడుకున్నాడో బండి ఎక్కకముందే అడగండి. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్లు వచ్చేదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అని, ఐదు గంటల పనికి మధ్య కనీసం అరగంట విశ్రాంతి అని చెప్పేది. ఒక్క బండి ఉన్న యజమానులకు ఆ చట్టం అప్పుడూ వర్తించకపోయినా ఒళ్లు మాత్రం వర్తిస్తుంది. తిరుపతిలో మనకు గది తీసుకొని, డ్రైవరును కారు సీట్లో పడుకోబెట్టి, మరునాడు మధ్యాహ్నం అదే మనిషి చేతిలో పిల్లల్ని పెట్టి ఘాటు రోడ్డు దింపించడం మనం ఆలోచించకుండా చేసే పని. ఒక మంచం అద్దె అంతకంటే చవక.

రోడ్డు సంగతి

అనంతపురం నుంచి కర్నూలు మీదుగా హైదరాబాదుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారిని మనం ఇంకా చాలామంది పాత అలవాటుతో ఏడవ నంబరు అనే అంటాము. నాలుగు వరుసలు, మధ్యలో డివైడరు; కారుకు గరిష్ఠ వేగం 100, బోర్డు మీద తక్కువ ఉంటే ఆ తక్కువే. ఎదురెదురు ఢీకొనడం ఈ రోడ్డు మీద అరుదు కాబట్టి కుర్రవాడికి ఇవ్వదగినది ఇదే. ఇక్కడి అపాయాలు వేరు. ఊళ్ల దగ్గర డివైడరు తెగిన చోట్ల ట్రాక్టర్లు అడ్డంగా తిరుగుతాయి. రెండు కిలోమీటర్ల చుట్టు తప్పించుకోవడానికి మోటారు సైకిళ్లు, ఆటోలు ఎదురు వరుసలో వస్తాయి, అవి ఎడమ అంచున వస్తాయి కనుక ఎడమవైపునుంచి లారీని దాటబోయేవారికి ముఖాముఖి తగులుతాయి. లారీ కుడి వరుస వదలడం లేదని ఎడమనుంచి దూరడం ఎంత మామూలైనా, ముందు కనీసం 200 మీటర్లు ఖాళీగా కనబడితే తప్ప చేయకూడదు.

అన్నిటికంటే పెద్ద ముప్పు రాత్రి ఆగి ఉన్న లారీ. తాడిపత్రి, బేతంచెర్ల బండల లోడుతోను, సిమెంటు లోడుతోను వెళ్లే లారీలు టైరు పంక్చరై సగం రోడ్డు మీద ఆగితే, వెనుక లైటు వెలగకపోతే, లైటుకు మట్టి కొట్టుకొని ఉంటే, దగ్గరకు వచ్చేదాకా కనబడవు. లెక్క చూడండి. లైట్లు డిమ్‌లో ఉన్నప్పుడు స్పష్టంగా కనబడేది సుమారు 50 మీటర్లు. 80 వేగంలో ఉన్న కారు, చూసి కాలు వేయడానికి పట్టే సెకనున్నర కలుపుకొని, పొడి రోడ్డు మీద ఆగడానికి సుమారు 70 మీటర్లు కావాలి. 60 వేగంలో 45 చాలు. ఎదురు లైట్ల వల్ల డిమ్ చేయవలసి వచ్చినప్పుడల్లా 60కి దిగాలన్న నియమం మేము ఈ లెక్కనుంచే పెట్టుకున్నాము. ఎదురు వెలుగు కొట్టినప్పుడు దానివైపు చూడక ఎడమ అంచు తెల్లగీతను పట్టుకొని పోవాలి. లారీవారు బండి బాగుచేసుకునేటప్పుడు చుట్టూ పెట్టిన రాళ్లను వెళ్లేటప్పుడు అక్కడే వదిలేస్తారు, అవి కూడా లెక్కలో ఉంచుకోవాలి.

రెండు వరుసల రోడ్లు అనుభవానికి సంబంధించినవి. అనంతపురం నుంచి బత్తలపల్లి, ముదిగుబ్బ మీదుగా కదిరికి పోయే 42వ నంబరు రోడ్డు మీద గాని, తాడిపత్రి దాటి కడప వైపు గాని, ముందు బండిని దాటాలంటే ఎదురు వరుసలోకి పోవలసిందే. డివైడరు లేని రోడ్డు మీద కారు హద్దు 70 కిలోమీటర్లు. వంకర దగ్గర, కల్వర్టు దగ్గర, మిట్ట ఎక్కేటప్పుడు దాటకూడదన్నది అందరికీ తెలుసు. రోడ్డు మీద ఆరబోసిన పంట సంగతి తెలిసినా మరిచిపోతాము. కోతల కాలంలో కొర్రలు, జొన్న, కంది, ఉలవ కట్టె సగం రోడ్డు మీద పరిచి, వాహనాలు తొక్కితే గింజ రాలుతుందని చూస్తారు. ఎండుకట్టె మీద బ్రేకు వేస్తే ఇసుకమీద వేసినట్టే జారుతుంది, పొడవాటి కట్టె చక్రాల ఇరుసుకు చుట్టుకొని, వేడి పొగగొట్టానికి తగిలి మంట పుట్టే అవకాశమూ ఉన్నది. ముందే వేగం తగ్గించి, వీలైతే పక్కగా, లేకపోతే బ్రేకు తొక్కకుండా నెమ్మదిగా దాటాలి. ఇంకొక చిన్న విషయం: తాడిపత్రి మీదుగా కడపకు ఉదయం వెళితే సూర్యుడు నేరుగా కళ్లలో ఉంటాడు, సాయంత్రం తిరిగి వస్తే మళ్లీ కళ్లలోనే ఉంటాడు. కంటి శస్త్రచికిత్స అయినవారికి ఆ వేళ ఆ ముక్క ఇవ్వకండి.

ఘాట్లు మాత్రం ఎప్పుడూ నడివయసువారి వంతే. కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాటులో రాయచోటి వైపునుంచి వచ్చేవారికి దిగుడు. దిగేటప్పుడు న్యూట్రల్ వేయకూడదు, ఇంజిను ఆపకూడదు. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ ఆ గేరే వేసి, బ్రేకును ఆగి ఆగి వాడాలి. పట్టి ఉంచితే బ్రేకు కాగి పట్టు వదులుతుంది. లోడు లారీలకు అది జరుగుతూనే ఉంటుంది కనుక దిగుతున్న లారీకి ముందు ఎక్కువసేపు ఉండకండి. ఎక్కే బండికి దారి ఇవ్వాలన్నది నియమం. గువ్వలచెరువులో ఆగి పాలకోవా తిననివ్వకపోతే పిల్లలు ఊరుకోరు, నడిపేవారికీ ఆ పావుగంట పనికివస్తుంది.

మాది వాన తక్కువ సీమ. అదే చిక్కు. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము, తొలి జల్లుతో కలిసి మొదటి పావుగంట సబ్బులా జారుతుంది. ఆ పావుగంట ఎక్కడైనా ఆగి ఉండడం మేలు. అక్టోబరు, నవంబరు వానల్లో ఎప్పుడూ ఎండి ఉండే వంకలు ఒక్క గంటలో పొంగుతాయి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు కడప జిల్లా చూసినది మరిచిపోకూడదు. పారే నీళ్లు అడుగు ఎత్తున ఉంటే చాలు, చిన్న కారు తేలడం మొదలవుతుంది. కింద రోడ్డు మిగిలి ఉన్నదో లేదో పైనుంచి తెలియదు. ముందు బస్సు దాటింది కదా అన్న ధైర్యం కారుకు పనికిరాదు.

బండి సంగతి కొద్దిగా

ఈ ఎండల్లో మొదట చూడవలసినది టైరే. గాలి తక్కువైన టైరు పక్కలు మడతపడి వేడెక్కుతాయి, కర్నూలు ఎండలో లోడు బండితో వంద వేగం పోతే పేలుతాయి. ఉదయం బండి కదలకముందు, టైరు చల్లగా ఉండగా, తలుపు పక్కన కంపెనీ అంటించిన చీటీలో ఉన్నంత గాలి కొట్టించాలి. వేడికి పెరుగుతుందని తగ్గించి కొట్టించడం మన వైపు ఉన్న పెద్ద తప్పు. గీతల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ టైరు పని అయిపోయినట్టే. టైరు పక్కన ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండు తయారైన వారం, తరువాతి రెండు సంవత్సరం. ఐదారేళ్లు దాటినదాన్ని గీతలు బాగున్నా దూరప్రయాణానికి నమ్మకండి. స్టెప్నీకీ ఇదే లెక్క. దారిలో టైరు పేలితే బ్రేకు తొక్కకుండా స్టీరింగు నిటారుగా పట్టి, కాలు మెల్లగా తీసి, బండిని దానంతట అది నెమ్మదించనివ్వాలి. వెనుక సీటువారు కూడా బెల్టు పెట్టుకోవాలి. అమ్మ ఒడిలో పసిబిడ్డకు బెల్టు ఉన్నట్టు కాదు.

బండి ఆగిపోతే నాలుగు లైట్లూ వెలిగించి, తెల్లగీత అవతలకు దింపి, అందరినీ దించి డివైడరు వైపు కాకుండా ఎడమ పక్క రెయిలింగు అవతల నిలబెట్టాలి. ఎర్ర త్రికోణాన్ని కనీసం 50 మీటర్ల వెనుక పెట్టాలి. జాతీయ రహదారి సహాయానికి 1033, అంబులెన్సుకు 108, పోలీసుకు 112. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చినవారు పేరు చెప్పాలని గాని, సాక్ష్యం ఇవ్వాలని గాని బలవంతం చేయకూడదని చట్టంలోనే ఉన్నది, జంకవలసిన పని లేదు.

ఇక మా కాగితం. హైదరాబాదుకు వెళ్లేటప్పుడు ఐదింటికి చీకట్లో నేను తీస్తాను. కాసేపల్లి టోల్ గేటు దగ్గర తెల్లవారి ఉంటుంది, అక్కడినుంచి అమకతాడు టోల్ గేటుదాకా, తనకు నలభై ఏళ్లుగా తెలిసిన రోడ్డు మీద, మా నాయన. అమకతాడు నుంచి కర్నూలు దాటి పుల్లూరు టోల్ గేటుదాకా మళ్లీ నేను, ఎందుకంటే ఊరి పక్క రద్దీ ఉంటుంది. ఆ తరువాత గంటన్నర మా అబ్బాయి, పక్కన నేను మేలుకొని. హైదరాబాదు ముందు మళ్లీ నేనే తీసుకుంటాను.

తిరుగు ప్రయాణానికి ఇదే కాగితాన్ని తిప్పి చదవకూడదు, వేరేది రాయాలి. పెళ్లి భోజనం, రెండు రాత్రుల అరకొర నిద్ర, మరునాడు ఆఫీసు ఉన్నదన్న తొందర, ఇవన్నీ అప్పుడు బండిలో ఉంటాయి. ఆదివారం రాత్రి తొమ్మిది దాటాక కర్నూలు చేరితే అక్కడే గది తీసుకోవాలని మేము ముందే రాసుకుంటాము, ఇంకా 150 కిలోమీటర్లే కదా అని ఎవరో ఒకరు తప్పక అంటారు కనుక. కిందటిసారి అన్నది నేను. కాగితం తీసి చూపించినది మా అబ్బాయి.